పద్నాలుగో ప్రశ్న

ఆ ప్రశ్నపత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇరవై ప్రశ్నలు. మనిషి గుండె ఆగి పడిపోతే ముందు ఏం చూడాలి, ఛాతీ మీద ఎక్కడ నొక్కాలి, ఎంత లోతుకి నొక్కాలి, నిమిషానికి ఎన్నిసార్లు, షాక్ ఇచ్చే మిషన్ వస్తే దాని ప్యాడ్లు ఎక్కడ అంటించాలి. ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, ఒకదానికి టిక్కు పెట్టాలి. పదిహేను వస్తే పాసు. మా ఫ్యాక్టరీలో అందరూ ఏటా ఒకసారి ఈ పరీక్ష రాయాలి. ఏటా అదే కాగితం. ఒక్క అక్షరం మారదు.

మాది సిమెంటు ఫ్యాక్టరీ, జగ్గయ్యపేట దాటాక. నేను టైమ్ ఆఫీసులో పనిచేస్తాను. హాజర్లు, షిఫ్టులు, సెలవులు చూసుకునే పని. ఉండేది నందిగామలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్తాను, సాయంత్రం బస్సెక్కి వస్తాను, బట్టలకంటిన సిమెంటు దుమ్ముని మా ఆవిడ వాకిట్లోనే దులిపించి లోపలికి రానిస్తుంది. నాకు నోరెక్కువని ఫ్యాక్టరీలో పేరు. ఉంది కూడా. తెలియని పనిని కూడా తెలిసినట్టు చెప్పగలను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ నోటి గురించే.

పరీక్ష తప్పినవాళ్లు వారపు సెలవు రోజున వచ్చి మళ్లీ కూర్చోవాలి. లోడింగ్ వాళ్లలో చాలామందికి చదువు అంతంత మాత్రం. చదువొచ్చినవాళ్లకి చదివే ఓపిక లేదు. అందరూ నా టేబుల్ దగ్గరికొచ్చి తల గోక్కునేవాళ్లు. అందుకని నేనొక పాట కట్టాను. బి సి ఎ బి, డి ఎ ఎ సి, బి బి డి ఎ, సి డి ఎ బి, డి సి బి ఎ. నాలుగేసి అక్షరాలు, ఐదు చరణాలు. కోలాటం దరువులో పాడుకుంటే ఎంత మొద్దుబుర్రకైనా రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ప్రశ్న చదవక్కర్లేదు. అంకె చూసి టిక్కు పెట్టుకుంటూ పోవడమే. ఆ ఏడాది మా వాళ్లలో ఒక్కడు కూడా తప్పలేదు. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను పొంగిపోయాను.

ప్రాక్టికల్ కూడా ఉండేది, పేరుకి. నేల మీద ఒక రబ్బరు బొమ్మ, నడుము దాకా మనిషి ఆకారం. నలభై మంది వరసలో నిలబడి తలా ఐదుసార్లు దాని ఛాతీ నొక్కి ఫోటో దిగేవాళ్లం. టీ, రెండు సమోసాలు. అక్కడితో ఆ ఏడాదికి ప్రాణాలు కాపాడటం వచ్చేసినట్టే.

ఆ పాట అందరికంటే బాగా పాడింది మా కాటా రూమ్ భాయ్. లారీలు లోపలికొచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ తూకం వేసే పని ఆయనది. జగ్గయ్యపేట మనిషి. మా ఇద్దరివీ ఎదురెదురు కిటికీలు, మధ్యలో యాభై అడుగుల వాకిలి. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, పాట నేర్పాను కాబట్టి మాస్టారూ అనేవాడు. పరీక్ష రోజు బయటికొస్తూ ఒకసారి అన్నాడు:

"మాస్టారూ, రేప్పొద్దున నేను పడిపోతే నా ఛాతీ నొక్కుతారా, ఈ పాట పాడతారా?"

"రెండూ చేస్తాలే భాయ్. నువ్వు పడు ముందు."

"మీరు పాడితే ఆ గొంతుకి లేచి కూర్చుంటాలెండి."

మేమిద్దరం ఇలాగే మాట్లాడుకునేవాళ్లం. మధ్యాహ్నం ఆయన క్యారేజీ నా టేబుల్ మీద తెరిచేవాళ్లం. ఆయన భార్య చేసిన గోంగూర మటన్ నాకొక గిన్నెలో వేరే వచ్చేది. ఆవిడని నేను అప్పటికి మూడుసార్లు చూసి ఉంటాను. ఎదురుపడితే అన్నయ్యా అనేది.

అది ఎండాకాలం. పొద్దున పది దాటింది. కాటా మీద ఒక లారీ నిలబడిపోయి ఉంది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. డ్రైవర్ దిగి కిటికీలోంచి చూసి కేక పెట్టాడు. నేను వెళ్లేసరికి భాయ్ తల కీబోర్డు మీద వాలిపోయి ఉంది. ఇద్దరం పట్టి నేల మీద పడుకోబెట్టాం. అప్పటికే పదిమంది చేరారు. ఒకడు మొహాన నీళ్లు కొట్టాడు. ఒకడు అరికాళ్లు రుద్దుతున్నాడు. ఫిట్సనుకుని ఇంకొకడు గుప్పిట్లో తాళాలు పెట్టాడు. నేనందర్నీ తిట్టాను. జరగండి, నాకు తెలుసు అన్నాను.

మొదట్లో బాగానే చేశాను. అది నిజం, అదొక్కటైనా చెప్పుకోనివ్వండి. డ్రైవర్ చేత 108కి ఫోన్ చేయించాను. టైమ్ ఆఫీసు గోడకున్న షాక్ మిషన్ తెమ్మని లోడింగ్ అతన్నొకణ్ని పరిగెత్తించాను. ఛాతీ మధ్యలో అరచేయి మడమ పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా నొక్కాను. ఎముక కింద ఏదో పటుక్కుమంది. అయినా ఆపలేదు. మిషన్ వచ్చింది. చొక్కా చించి, తువ్వాలుతో చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, ఒకటి ఎడమ చంక కింద అంటించాను. ఎవరూ ముట్టుకోవద్దని అది ఇంగ్లీషులో చెప్పింది. షాక్ ఇవ్వమంది. బటన్ నొక్కాను. భాయ్ ఒళ్లు ఒకసారి ఎగిరింది. మళ్లీ నొక్కడం మొదలుపెట్టాను.

రెండు నిమిషాలు అంత పొడుగుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. భుజాలు పీకుతున్నాయి. కళ్లలోకి చెమట దిగుతోంది. మిషన్ తెచ్చిన లోడింగ్ అతను పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మార్చుకుందామా సార్, మీరు అలిసిపోయారు" అన్నాడు.

"నీకు రాదు, ఉండు" అన్నాను.

అతని దగ్గర సర్టిఫికెట్ ఉంది. ఇరవైకి ఇరవై వచ్చాయి. అవి ఎలా వచ్చాయో నాకంటే ఎవరికి తెలుసు. అందుకే అతన్ని నమ్మలేదు. నాకూ అలాగే వచ్చాయన్న సంగతి మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

అప్పుడు మిషన్ గుండె తీరు మళ్లీ చూసుకుంది. ఈసారి షాక్ అవసరం లేదు అంది.

నేను తలెత్తి అందరికీ తెలుగులో చెప్పాను. "షాక్ అక్కర్లేదంట."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సంతోషంగా వచ్చిందో ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో దణ్ణం పెట్టారు. నేను ప్రభువా స్తోత్రం అన్నాను. అదే సమయానికి భాయ్ నోరు తెరిచి ఒకసారి గట్టిగా గాలి లాగాడు. "ఊపిరి తీసుకుంటున్నాడు సార్, ఊపిరి తీసుకుంటున్నాడు" అన్నాడు లోడింగ్ అతను. నేను చేతులు తీసేసి వెనక్కి, గోడకి చేరగిలబడ్డాను.

మిషన్ మాత్రం ఊరుకోలేదు. ఛాతీ నొక్కమని ఇంగ్లీషులో అంటూనే ఉంది. నొక్కేవాళ్లకి తాళంగా టిక్కు టిక్కుమని కొడుతూనే ఉంది. దాని గోలేంటని ఎవరో అడిగారు.

"అది దాని పాట అది పాడుతుందిలే" అన్నాను.

క్యాంటీన్‌లో పనిచేసే అక్క, పెద్దావిడ, స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. భాయ్‌కి తెచ్చిందట. పడుకున్న మనిషికి తాగించకూడదు అని చెప్పి, నేను తాగాను. ఉప్పు సరిపోయింది, కొత్తిమీర కూడా వేసింది. ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాను. మిషన్ టిక్కు టిక్కుమంటోంది. భాయ్ ఇంకో రెండుసార్లు గాలి లాగాడు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య చాలా ఎడం. తర్వాత లాగలేదు. సర్దుకున్నాడు, కాసేపు పడుకోనివ్వండి అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరూ కాదు.

108 వచ్చింది. అందులోంచి దిగినామె భాయ్ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, నా వైపు తిరిగింది.

"ఎంతసేపైంది ఆపి?"

"ఇప్పుడే మేడమ్. మీ బండి చప్పుడు వినగానే ఆపాం."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. అక్కడికక్కడే నొక్కడం మొదలుపెట్టింది. స్ట్రెచర్ మీద కూడా నొక్కుతూనే ఉంది. జగ్గయ్యపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అరగంటకి డాక్టర్ బయటికొచ్చాడు.

మర్నాడు మట్టి చేసేటప్పుడు నేనూ వెళ్లాను. అందరితోపాటు మూడు పిడికిళ్లు మట్టి వేశాను. నందిగామ బస్సులో తిరిగొస్తుంటే టిక్కెట్టు చిల్లర కోసం సంచిలో చెయ్యి పెడితే ఆ ప్రశ్నపత్రం తగిలింది, పాత కాపీ. అన్నేళ్లలో మొదటిసారి దాన్ని చదివాను. నిజంగా మొదటిసారే. నేను కూడా మొదటి ఏడాది పక్కవాడి దగ్గర చూసి రాసి, ఆ టిక్కుల్నే పాటగా కట్టాను.

పద్నాలుగో ప్రశ్న ఇలా ఉంది. మిషన్ షాక్ అవసరం లేదు అని చెప్పింది. మనిషిలో కదలిక లేదు, మామూలు ఊపిరి లేదు. మీరు ఏం చేస్తారు? ఎ, మిషన్ ఆపి ప్యాడ్లు తీసేస్తాను. బి, మంచినీళ్లు తాగిస్తాను. సి, కోలుకున్నాడు కాబట్టి అంబులెన్స్ కోసం ఎదురుచూస్తాను. డి, వెంటనే మళ్లీ ఛాతీ నొక్కడం మొదలుపెడతాను.

నేను సి చేశాను. డి అని వందల మందికి నేర్పినవాణ్ని. సి డి ఎ బి అని దరువేసి మరీ నేర్పినవాణ్ని.

ఆరో ప్రశ్న కూడా చదివాను. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి గాలి లాగడం ఎగశ్వాస, దాన్ని ఊపిరి అనుకోకూడదు. అది కూడా ఉంది. అంతా ఉంది ఆ కాగితంలో. దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగితే దిగిపోయాను. రోడ్డు పక్కన వాంతి చేసుకుని, ఇంకో బస్సెక్కి ఇంటికొచ్చాను.

నేను ఆపకుండా ఉంటే బతికేవాడా? ఏమో. బతికేవాడు కాదేమో. ఆ డాక్టర్ని అడిగితే చెప్పేవాడు. రెండేళ్లయింది, ఆ ఆసుపత్రి ముందునుంచి ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ లోపలికెళ్లి అడగలేదు. బతికేవాడు అంటాడేమోనని.

నోరు మూసుకుని ఏడిస్తే ఒక లెక్క. నేను అదీ చెయ్యలేదు. వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. తోటి మనిషి ప్రాణం కోసం దేవుడు నా చేతుల్ని వాడుకున్నాడని చెప్పాను. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఫ్యాక్టరీలో సేఫ్టీ వారోత్సవాలకి నాకు శాలువా కప్పారు. అప్పటికి భాయ్ భార్యకి ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు ముగిసింది, ఆవిడని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. సభ అయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చింది.

"మీరు చెయ్యాల్సిందంతా చేశారంట అన్నయ్యా. మీ రుణం తీర్చుకోలేం" అంది.

నేను తల ఊపాను. ఆ శాలువా మా బీరువాలో అడుగున ఉంది. మా ఆవిడ రెండుసార్లు తీసి ఎవరికైనా పెట్టేద్దామంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆవిడకి చెప్పలేదు.

ఆ శాలువా పుణ్యమా అని నన్ను ఇన్‌స్ట్రక్టర్ని చేశారు. బయటనుంచి మనుషుల్ని పిలవడం దేనికి, అనుభవం ఉన్న మనిషి మన దగ్గరే ఉన్నాడుగా అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. వారం రోజులు ట్రైనింగ్ ఇప్పించారు. నేను కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి.

ఈ ఏడాది జాబితా నా టేబుల్ మీదికి వచ్చింది. క్యాంటీన్ వాళ్లు కూడా పరీక్ష రాయాలట. అందులో భాయ్ భార్య పేరుంది. కాంట్రాక్టర్ ఆవిడకి క్యాంటీన్‌లో పనిచ్చి అప్పటికి ఆరు నెలలు.

ఆ పేరు చూడగానే నాకు పద్నాలుగో ప్రశ్న కళ్ల ముందుకొచ్చింది. ఆవిడ పదో తరగతి చదివింది. కాగితం ఇస్తే చదువుతుంది. చదివితే తెలుస్తుంది. కంప్యూటర్‌లో ఆ ప్రశ్న తీసేద్దామని కూర్చున్నాను. తీసేస్తే పదిహేను పద్నాలుగవుతుంది, పదహారు పదిహేనవుతుంది. పాట మొత్తం ఒక మెట్టు జరిగిపోతుంది. అక్కడినుంచి చివరిదాకా ఫ్యాక్టరీ అంతా తప్పు టిక్కులు పెడుతుంది. అందుకని ఉంచాను. ధైర్యం వచ్చి ఉంచానని అనుకోకండి. నేను కట్టిన పాటే నన్ను పట్టుకుంది.

పరీక్షకి ముందు ఆదివారం, మేం చర్చినుంచి వచ్చేసరికి ఆవిడ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. జగ్గయ్యపేటనుంచి బస్సులో వచ్చింది. చేతిలో స్కూలు పిల్లల నోటు పుస్తకం, పెన్ను. మా ఆవిడ లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది.

"అన్నయ్యా, నాకు ఆ పాట వద్దు" అంది. "ఆయన ఇంట్లో పాడుకుంటా తిరిగేవాడు. పాసయ్యాడు, ఆయనకేం తెలిసింది? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ఎవరన్నా నా కళ్ల ముందు పడిపోతే నేను చెయ్యగలగాలి."

చెప్పాను. ఒక్కో ప్రశ్న చదివి, ఎందుకు అదే జవాబో చెప్పాను. ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆరో ప్రశ్న దగ్గర పెన్ను ఆపింది.

"అంటే గాలి లాగినా ఊపిరి ఉన్నట్టు కాదా?"

"కాదు చెల్లెమ్మా. అది గుండె ఆగినవాళ్లు తీసేది."

రాసుకుంది. పదమూడు అయ్యాక నేను పదిహేను మొదలుపెట్టాను.

"పద్నాలుగు వదిలేశారన్నయ్యా."

చదవక తప్పలేదు. జవాబు డి అన్నాను. ఎందుకని అడిగింది. షాక్ అక్కర్లేదంటే మనిషి బాగున్నాడని కాదు, షాక్‌తో దారికొచ్చే స్థితిలో గుండె లేదని మాత్రమే, అందుకే చేతులతో నొక్కుతూనే ఉండాలి, మనిషి కదిలేదాకానో 108 వాళ్లు వచ్చి అందుకునేదాకానో ఆపకూడదు అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ వింటోంది.

భాయ్ భార్య రాయలేదు. కాగితం వంక చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు మిషన్ షాక్ అక్కర్లేదందని అందరూ చెప్పారు" అంది. "మిషనే బాగున్నాడందంట, తర్వాత అల్లా పిలుచుకున్నాడు, ఎవరేం చేస్తారు అన్నారు. ఆ మాటే పట్టుకుని ఉన్నా అన్నయ్యా రెండేళ్లనుంచి."

నేను కాగితం మడత సరిచేశాను.

"మరి అక్కర్లేదన్నాక మీరు నొక్కారు కదా?"

అప్పుడు చెప్పొచ్చు. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. ఆవిడ నన్ను తిట్టినా, చెప్పు తీసుకుని కొట్టినా, నాకు అందులో న్యాయమే కనిపించేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నొక్కానమ్మా" అన్నాను. "బండి వచ్చేదాకా నొక్కాను."

ఆవిడ నా మొహం వంక కాసేపు చూసింది. తర్వాత తల వంచి పద్నాలుగు పక్కన డి అని రాసి, కింద ఆపకూడదు అని రాసుకుంది. బస్టాండ్ దాకా నేనే వెళ్లి బస్సెక్కించాను. తిరిగొచ్చాక మా ఆవిడ అన్నం పెట్టి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

పరీక్ష బుధవారం పెట్టాం, ట్రైనింగ్ హాల్లో. రాత పరీక్షకి గంట టైము. లోడింగ్ వాళ్లు పదినిమిషాల్లో పాట పాడుకుని కాగితాలిచ్చేసి సమోసాల దగ్గరికి పోయారు. భాయ్ భార్య ఒక్కతే చివరిదాకా కూర్చుంది. ప్రతి ప్రశ్నా పెదాలు కదుపుతూ చదివింది. ఇరవైకి ఇరవై. మా ఫ్యాక్టరీలో ఆ మార్కులు నిజంగా వచ్చింది ఆవిడకే.

తర్వాత ప్రాక్టికల్. ఇప్పుడు తలా ఐదు నొక్కులు కాదు, ఆ పద్ధతి నేనే మాన్పించాను. ఒక్కొక్కరూ మొదట్నుంచి చివరిదాకా చేసి చూపించాలి. రబ్బరు బొమ్మ పక్కన ట్రైనింగ్ మిషన్ ఉంటుంది. దాని రిమోట్ నా చేతిలో. ఒక బటన్ నొక్కితే మిషన్ షాక్ ఇవ్వమంటుంది, ఇంకోటి నొక్కితే షాక్ అవసరం లేదంటుంది. ఆ రెండో దాని తర్వాత మనిషి ఏం చేస్తాడో చూసి ఫారంలో ఆ గడి నింపాలి. చివర్లో నేను 108 వచ్చింది అంటే పరీక్ష అయిపోయినట్టు.

ఆవిడ చున్నీ నడుముకి బిగించి కట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. చుట్టూ క్యాంటీన్ వాళ్లు నిలబడ్డారు, మజ్జిగ తెచ్చిన అక్క కూడా. భాయ్ భార్య బొమ్మ భుజాలు తట్టి పిలిచింది. ఊపిరి చూసింది. అక్కని 108కి ఫోన్ చెయ్యమంది, మిషన్ తెమ్మంది. నొక్కడం మొదలుపెట్టింది, గట్టిగా లెక్కపెడుతూ. ప్యాడ్లు సరిగ్గా అంటించింది. నేను షాక్ బటన్ నొక్కాను. ఆవిడ అందర్నీ దూరం జరగమని షాక్ ఇచ్చి మళ్లీ నొక్కింది. రెండు నిమిషాలయ్యాక మళ్లీ షాక్ బటనే నొక్కాను. రూల్ ప్రకారం అప్పటికే రెండోది నొక్కాలి. నా బొటనవేలు దాని మీదికి పోలేదు. మూడోసారి సేఫ్టీ ఆఫీసర్ నా వైపు చూస్తున్నాడు. నొక్కాను.

షాక్ అవసరం లేదు అంది మిషన్.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ మాట పూర్తయ్యేలోపే చేతులు ఛాతీ మీదికి వెళ్లాయి. ఒకటి, రెండు, మూడు. హాల్లో ఆ లెక్కా, మిషన్ టిక్కు టిక్కూ తప్ప ఏమీ లేదు. నేను ఫారంలో ఆ గడిలో టిక్కు పెట్టాను. ఇక 108 వచ్చింది అనాలి. అంటే అయిపోతుంది.

అనలేకపోయాను. రెండేళ్ల కింద ఆ బండి పేరు చెప్పే తప్పించుకున్నాను.

ఆవిడ నొక్కుతూనే ఉంది. మొహం ఎర్రబడింది, చెమట బొమ్మ మీద పడుతోంది. సేఫ్టీ ఆఫీసర్ చాల్లెండి అన్నాడు. ఆవిడకి వినపడలేదో, వినదల్చుకోలేదో. నేను ఫారం పక్కన పెట్టి, బొమ్మకి అటువైపు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అలిసిపోయావు చెల్లెమ్మా. మార్చుకుందాం, నాకివ్వు" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. లెక్క తప్పకుండా, నొక్కుల మధ్యలో, మామూలు గొంతుతోనే అంది:

"అక్క చెప్పింది. మజ్జిగ తాగారంట."

ఇరవై ఆరు, ఇరవై ఏడు.

"మీకివ్వను. మీరు ఆపేస్తారు."

వెనకనుంచి క్యాంటీన్ అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. నేను జరిగాను. నాకివ్వమ్మా అంది అక్క. ముప్పై కాగానే ఆవిడ చేతులు తీసింది, అక్క చేతులు పెట్టింది. అక్కకి లెక్క సరిగ్గా రాదు, అయినా నొక్కుతోంది. ఆవిడ రొప్పుతూ పక్కనే కూర్చుని లెక్క చెబుతోంది. ఇద్దరూ నా వంక చూడటం లేదు. 108 వచ్చిందని నేను చెప్పేదాకా వాళ్లు ఆపరు. నేను మోకాళ్ల మీద అలాగే కూర్చుని ఉన్నాను, రిమోట్ చేతిలోనే ఉంది, నోరు పెగల్లేదు.